ఫ్రిజ్‌లో మామగారి కారు

ఆ ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. నీళ్ళు కాచుకోవాలి, వంకరపోయిన కారు బాడీని అందులో ముంచాలి, మెత్తబడగానే తిన్నగా చేసి చల్లారబెట్టాలి. ఆపైన స్థిమితంగా కూర్చుని కాఫీ తాగాలి. ఇంత చిన్న పనికి తన ఇంట్లో ఫ్రిజ్ చస్తుందనీ, అత్తవారింట్లో గోడ లేస్తుందనీ ఎవరైనా ముందే చెప్పి ఉంటే, చెప్పినవాణ్ణి మెడబట్టి బయటికి గెంటేవాడు. అసలే అతనిది ముక్కుమీద కోపం. కథ ముందుకు పోయేకొద్దీ అది ముక్కుమీద నుంచి ఒళ్ళంతా పాకుతుంది కాబట్టి ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తే మంచిది.

అల్లుడికి కళ్ళజోళ్ళ షాపుంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు అరగదీసి, సాయంత్రం ఇంటికొచ్చి తన కళ్ళు అరగదీసుకుంటూ చిన్న చిన్న కార్లు తయారుచేస్తాడు. అసలు కారుని ఇరవై నాలుగో వంతుకి కుదిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉండాలి, తలుపు పిడితో సహా. వాటిని ఎవరైనా బొమ్మలంటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. బొమ్మలంటే పిల్లలు నేలకేసి కొట్టేవట, ఇవి నమూనాలట. భార్య మాత్రం పెళ్ళైన నాటినుంచీ బొమ్మలనే అంటోంది, కావాలనే అంటోంది.

ఈసారి చేస్తున్నది మామగారి పాత కారు. మామగారు పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చాలా ఏళ్ళపాటు పాలిపోయిన పసుపు రంగు బండి ఒకటుండేది. వెనక డిక్కీకి బదులు పైకి లేచే పెద్ద తలుపున్న పొడుగుపాటి బండి. ఆరేళ్ళ కిందట అల్లుడు దాన్ని ఒక పూట అడిగి తీసుకెళ్ళి, తన షాపు ముందే ఉన్న కరెంటు స్తంభానికి గుద్దేశాడు. ఎడమ లైటు దగ్గర్నుంచి ముందు భాగమంతా నలిగి ముద్దయింది. సిగ్గుతో చచ్చిపోయి, కిందా మీదా పడి, దాన్ని కొత్తదానిలా బాగుచేయించి తీసుకెళ్ళి మామగారి గుమ్మం ముందు నిలబెట్టాడు. అయినా లాభం లేకపోయింది. ఆ రోజునుంచీ మామగారు అతనితో మాట్లాడటం మానేశారు.

మానేయడమంటే మొహాన తలుపు వేయడం కాదు. పిలుస్తారు, భోజనం పెడతారు, పక్కనే కూర్చోబెట్టుకుంటారు. మాట మాత్రం కూతురి మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ నీళ్ళ గ్లాసు ఇటు జరపమను" అంటారు, ఆ గ్లాసు అల్లుడి మోచేతికి తగులుతూ ఉండగానే. అంతకుముందు ఆదివారాలు ఇద్దరూ చదరంగం ముందు కూర్చుంటే భోజనానికి లేపడం గగనమయ్యేది. అల్లుడికి తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ లోటు ఈయనతో తీరిందనుకున్నాడు. అందుకే ఆ మౌనం అతన్ని లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది. వచ్చే ఆదివారం మామగారికి డెబ్భై ఏళ్ళు నిండుతాయి. ఆ కారుని అచ్చుగుద్దినట్టు చేసి చేతిలో పెడితే, ఆయన తనవైపు తిరిగి నేరుగా ఒక్క మాట అంటే చాలు, అదే పదివేలు అనుకున్నాడు.

చిక్కేమిటంటే, ఆ పొడుగు బండి నమూనా బజార్లో దొరకదు. డబ్బాలో ముక్కలుగా వచ్చేది అదే కారులో డిక్కీ ఉన్న రకం. దాని చక్రాలూ, అడుగుభాగమూ, సీట్లూ పనికొస్తాయి గానీ పై బాడీ పనికిరాదు. పొడుగు రకం పై బాడీని ఎక్కడో వేరే దేశంలో ఒక ముసలాయన తన గ్యారేజీలో రబ్బరు అచ్చులో రెజిన్ అనే ప్లాస్టిక్ ద్రవం పోసి తీస్తాడు. బతిమాలగా బతిమాలగా ఒకటి పంపించి, అచ్చు చిరిగిపోయింది, ఇదే ఆఖరుదని కబురు చేశాడు. అలా ఇంట్లో ఇప్పుడు రెండు బాడీలున్నాయి. డబ్బాతో వచ్చింది నిగనిగలాడుతూ, గీత గీతా తీర్చినట్టుంది, అది చెత్త. రెజిన్‌ది మీగడ రంగులో, అంచుల నిండా బొడిపెలతో, కప్పు కాస్త మెలితిరిగి ఉంది, అదే ప్రాణం. ఈ తేడా ఆ ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడికీ ఎవరికైనా నెమ్మదిగా విడమరిచి చెప్పే అలవాటు లేదు. పైగా ఆ కారు పేరెత్తితే భార్యతో గొడవ మొదలవుతుందని, అది ఎవరికోసం చేస్తున్నాడో చెప్పనేలేదు.

"ఆ గిన్నె ఎందుకు దింపారు?" అంది భార్య వంటింటి గుమ్మంలో నిలబడి.

"నీళ్ళు కాచుకోవడానికి."

"అది పాలగిన్నె! అందులో మీ బొమ్మల్ని ఉడకేస్తారా?"

"ఉడకేయడానికి ఇదేమన్నా బంగాళాదుంపా? ముంచి తీస్తానంతే. వేడికి మెత్తబడుతుంది, అప్పుడు వంకర తీయొచ్చు."

"మనుషులకి కూడా అలాంటి నీళ్ళుంటే బాగుండును," అని గొణుక్కుంటూ ఆవిడ పాలకి ఇంకో గిన్నె వెతుక్కుంది.

పని మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. చెయ్యి చురుక్కుమనే నీళ్ళలో రెజిన్ మెత్తబడింది, మెలిక పోయింది. మళ్ళీ వంగకుండా అడుగున గాజు పలక, కప్పుమీద చెక్క స్కేలు పెట్టి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి, తొందరగా గట్టిపడుతుందని ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాడు. తలుపు మూశాడో లేదో ఫోను మోగింది. ఎవరో బస్సు డ్రైవరు తన కళ్ళజోడు మీద తనే కూర్చున్నాడట, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కాలట, వెంటనే వచ్చి షాపు తెరవకపోతే ప్రయాణికులకి తాను జవాబుదారీ కాదట.

అల్లుడు చొక్కా తొడుక్కుంటూనే కేకలు మొదలుపెట్టాడు. "నా టేబుల్ మీద ఉన్నవేవీ ముట్టుకోవద్దు! దుమ్ము దులపొద్దు, సర్దొద్దు, అటువైపు గాలి కూడా తగలనివ్వొద్దు! విన్నావా?"

"వీధి చివరిదాకా విన్నారు," అంది భార్య.

టేబుల్ మీద ఉన్నది డబ్బాతో వచ్చిన చెత్త బాడీ. దానికి అంత కాపలా పెట్టి వెళ్ళాడు మహానుభావుడు. ఫ్రిజ్ సంగతి మర్చిపోయాడని కాదు, అరిచే ఊపులో ఆ ముక్క నోట్లోంచి రాలేదు. అంతలోనే స్కూటరు వీధి మలుపు తిరిగిపోయింది.

అటు స్కూటరు వెళ్ళిందో లేదో ఇటు బావమరిది దిగాడు. ఇతన్ని ఇంటాబయటా ఉపకారి అంటారు. అడక్కుండానే సాయం చేస్తాడు, వద్దంటే ఇంకాస్త గట్టిగా చేస్తాడు. పక్కింటివాళ్ళ తలుపు కిర్రుమంటోందని బందులన్నీ విప్పి నూనె వేశాడు, ఇప్పుడా తలుపు మూసుకోవడం మానేసింది. ఇతను జేబులో స్క్రూడ్రైవరూ, చటుక్కున అతుక్కునే జిగురు సీసా లేకుండా గడప దాటడు. అక్కని పలకరించి, మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, అలాగే నిలబడిపోయాడు.

"అక్కా! బల్బు మూత దొరికినట్టుందే! బావ తెచ్చిపెట్టాడా?"

ఆ ఫ్రిజ్‌లో వెనక గోడకి బల్బుంది. దానిమీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత ఎప్పుడో విరిగిపోయింది. మూత తెప్పించమని భార్య పోరడం, రేపు తెస్తాననడం, ఆ ఇంట్లో వాడుక అయిపోయింది.

"ఏ మూత రా?"

"ఇదిగో. కరెక్టుగా అదే రంగు. వేడి పోవడానికి కిటికీల్లా కన్నాలు కూడా పెట్టారు చూడు. పాపం, బిగించడం రాక రబ్బరు బ్యాండ్లు వేసి వదిలేశాడు బావ."

అక్క దగ్గరకొచ్చి చూసింది. డొల్లగా ఉంది, మీగడ రంగు, లోపలి గోడలూ మీగడ రంగే. అయినా ఎందుకైనా మంచిదని, "ఏదీ ముట్టుకోవద్దన్నారు రా," అంది.

"ఎక్కడివి ముట్టుకోవద్దన్నాడు?"

"టేబుల్ మీదవి."

"ఇది ఫ్రిజ్‌లో ఉందిగా!"

బావమరిది రబ్బరు బ్యాండ్లూ, స్కేలూ, గాజు పలకా తీసేశాడు, అడ్డొచ్చిన బొడిపెల్ని కత్తెరతో కత్తిరించాడు, అంచు చుట్టూ జిగురు ధారగా పోసి బల్బుమీద బోర్లించి గట్టిగా అదిమాడు. ఊపి చూశాడు, కదల్లేదు. చేతులు దులుపుకుని, నీళ్ళు తాగడం మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అల్లుడు చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచాడు. పై అర ఖాళీ. ఆ తరువాత చూపు వెనక గోడమీద పడింది. అక్కడ కారు అడ్డంగా అతుక్కుని ఉంది, చక్రాల వైపు గోడకి, కప్పు తన వైపు. లోపల బల్బు వెలుగుతోంది. కిటికీలన్నిటిలోంచీ, వెనక పెద్ద తలుపులోంచీ వెలుతురు పాలగిన్నె మీద పడుతోంది. అంత గాభరాలోనూ ఒక్క క్షణం అది అతనికి అందంగానే కనిపించింది. మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడు చేశాడీ పని?"

భార్య మురిసిపోతూ వచ్చింది. "తమ్ముడు బిగించి వెళ్ళాడండీ. ఎన్నాళ్ళనుంచో పోరుతున్నాను, ఇన్నాళ్ళకైనా మూత తేవాలని తోచింది మీకు."

"మూతా? అది మీ నాన్న కారు!"

భార్య ఫ్రిజ్‌లోకి చూసింది, మొగుడి మొహంలోకి చూసింది, నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. "మా నాన్న కారు ఫ్రిజ్‌లో ఎందుకుంటుందండీ?"

అప్పుడు చెప్పాడు, అన్నీ కేకల్లోనే. డబ్బా బాడీ, రెజిన్ బాడీ, చిరిగిపోయిన అచ్చు, పుట్టినరోజు, మామగారి మౌనం. భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాన్న కోసమా? ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు."

"చెప్పకపోతే గొడవ తప్పిందా?"

బావమరిదికి ఫోను చేశాడు. అవతల నుంచి ధీమాగా గొంతు వినిపించింది. "ఊడుతుందేమోనని భయపడకు బావా. గ్యారంటీ జిగురు. ఏనుగుని కట్టి లాగినా రాదు."

అల్లుడు పళ్ళు పటపట కొరికి ఫోను పెట్టేశాడు. లాగి చూద్దామా అంటే రెజిన్ గాజులా పగులుతుంది. జిగురు కరిగించే మందు పోస్తే కారుకేమీ కాదు గానీ ఫ్రిజ్ లోపలి గోడ కరిగి కారుమీదికి కారుతుంది. ఒక్కటే దారి కనిపించింది. ఫ్రిజ్ ఇంకోటి దొరుకుతుంది, ఈ బాడీ ఇంకోటి దొరకదు. ఇలా లెక్క వేసుకున్న సంసారి లోకంలో మరొకడుండడు. ప్లగ్గు పీకేసి, సన్న రంపం తీశాడు.

"ఏం చేస్తున్నారు?" అంది భార్య.

"ఫ్రిజ్ కోస్తున్నాను."

"ఏవండీ, వద్దండీ!"

"చుట్టూ నాలుగంగుళాలు. కనపడను కూడా కనపడదు."

మూడు వైపులు చక్కగా తెగాయి. నాలుగో వైపు రంపం దేనికో తగిలింది. ఉస్సుమని చప్పుడు మొదలైంది, చాలాసేపు వచ్చింది, సన్నగిల్లింది, ఆగిపోయింది. ఆ చప్పుడుతోపాటే గ్యాసంతా పోయింది. అల్లుడి చేతుల్లో మాత్రం కారు బాడీ, దాన్ని కరుచుకున్న ఫ్రిజ్ గోడ ముక్క, వేలాడుతున్న బల్బు హోల్డరు భద్రంగా ఉన్నాయి. "చెక్కు చెదరలేదు!" అన్నాడు సంతోషం పట్టలేక. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

భార్య అరవలేదు. అరిస్తే బాగుండేది. పాలూ, కూరలూ, పండ్లూ సంచుల్లోకి సర్ది, ఒక్కో సంచినీ ఒక్కో దెబ్బలా నేలమీద పెట్టి, తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, మా ఫ్రిజ్ పోయింది. సామాను మీ ఇంట్లో పెట్టుకుంటాను."

"అదేమిటే? మొన్నటిదాకా బాగానే ఉందిగా?"

"మీ అల్లుడే పాడుచేశారు." కోపంలో అంత అనేసి, పుట్టింట్లో మొగుణ్ణి పలచన చేయడం ఇష్టంలేక సర్దుకుంది. "ఏమీ అనుకోకమ్మా, నాన్న కోసమే. నాన్న పాత కారుని మళ్ళీ తయారుచేస్తున్నారు, పుట్టినరోజుకి ఇద్దామని. అదే రంగు, వెనక అదే పెద్ద తలుపు. ఆదివారం తీసుకొస్తాం. నాన్నతో మాత్రం అనకు."

కారు ఎంతుంటుందో కూతురు చెప్పలేదు, తల్లి అడగలేదు. ఆ బండి అసలు అత్తగారి తండ్రిది, ఆయన పోయేముందు ఆవిడకి వదిలివెళ్ళింది. మూడేళ్ళ కిందట అడుగు తుప్పుపట్టి ఊడిపోతే పాత ఇనుము కొట్టువాడు వచ్చి ఈడ్చుకుపోయాడు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. అలాంటిది, అల్లుడు ఆ తుక్కులోంచి దాన్ని వెతికి తెచ్చి మళ్ళీ నిలబెడుతున్నాడని, అందుకు సొంత ఇంట్లో వస్తువులు కూడా పీకేస్తున్నాడని ఆవిడకి అర్థమైంది. నోటిమీద చెయ్యి వేసుకుని వంటింట్లో కాసేపు తిరిగింది. కడుపులో దాగక భర్త దగ్గరికి పోయి మొత్తం కక్కేసింది. మామగారు పేపరు మడిచి పెట్టారు. లేచి వెళ్ళి, ఇంటి పక్క ఖాళీగా ఉన్న కారు షెడ్డుని చాలాసేపు చూసి వచ్చారు.

బుధవారంనాడు బావమరిది షాపుకొచ్చాడు. అల్లుడు అద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చుని, కారు అంచుకి అతుక్కున్న ఫ్రిజ్ ముక్కని పొర పొరగా అరగదీస్తున్నాడు. తల ఎత్తి కొరకొర చూశాడు.

"బావా, కోపం వద్దు. తెలీక చేశాను. ఆ ఫ్రిజ్ నేను బాగుచేసి పెడతా," అన్నాడు ఉపకారి.

"దానికి నువ్వు ఆమడ దూరంలో ఉంటే చాలు."

"సరే. ఇంకో మాట చెప్దామని వచ్చా. నాన్న షెడ్డుకి అడ్డంగా గోడ కట్టిస్తున్నాడు."

"ఏం గోడ?"

"ఇటుక గోడ, నడుమెత్తుది. ఎందుకు నాన్నా అంటే, 'అల్లుడు కారు తెస్తున్నాడటగా, ఎక్కడ పెడతాడో నేనూ చూస్తా' అన్నాడు. సాయంగా ఉంటుందని ఇటుకలు నేనే అందించా."

చక్రం కిర్రుమని ఆగింది. ఆరేళ్ళనుంచి మాట లేదు, సరే, తప్పు తనది. పుట్టినరోజని తెచ్చే జానెడు కారుకి కూడా ఇంట్లో చోటు లేదని గోడ కట్టిస్తారా? అంత పగా? "బొమ్మ కారుకి గోడ కడతాడా మీ నాన్న!" అని అరిచాడు. అద్దాలు సరిచూసుకుంటున్న ఒక పెద్దాయన జడిసి ఫ్రేము వదిలేశాడు. జీవితంలో మొదటిసారి తన నోటితో తను బొమ్మ అన్నానన్న సంగతి కూడా అల్లుడు గమనించలేదు.

మానేస్తే సరిపోయేది. కానీ కోపమొస్తే మానేసే మనిషి కాదతను. చేసి తీరతాను, తీసుకెళ్ళి ఆయన మొహం ముందు పెట్టి, తిరిగి చూడకుండా వచ్చేస్తాను అనుకున్నాడు. మిగిలిన రోజులన్నీ ఆ కసితోనే గడిచాయి. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా నీళ్ళలో తడుపుతూ రెజిన్‌ని సానబట్టాడు. బుడగలు పేలిన గుంటల్ని ఒక్కొక్కటిగా పూడ్చాడు. డబ్బా కారు అడుగుభాగాన్ని కోసి కొత్త బాడీకి సరిపెట్టాడు. ఆ పాలిపోయిన పసుపు కుదిరేదాకా రంగులు కలుపుతూనే ఉన్నాడు. ప్రేమతో మొదలుపెట్టిన పని పగతో పూర్తయింది, నిజం చెప్పాలంటే పగతో చేసిన భాగమే ఎక్కువ బాగా వచ్చింది. భార్య చూసి, "నాన్న కారే!" అని గుండెమీద చెయ్యి వేసుకుంది. ఆవిడ అప్పటికింకా మొగుడితో మాట్లాడటం లేదు కాబట్టి ఆ మాట గోడవైపు తిరిగి అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళేసరికి మామగారు ఇస్త్రీ చొక్కాతో ఇంటి బయటే నిలబడి ఉన్నారు, ఆ కొత్త గోడకి ముందు, చేతులు కట్టుకుని, కాపలావాడిలాగా. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పక్కన బావమరిది తాపీ పట్టుకుని, ఆఖరి సొగసులు దిద్దుతున్నాడు. అత్తగారు పరుగెత్తుకొచ్చి అల్లుడి చెవిలో, "ఆయన్ని పట్టించుకోకండి బాబూ. నేను ఎంత చెప్పినా వినకుండా కట్టించారు," అంది కళ్ళొత్తుకుంటూ. మామగారు మాత్రం అల్లుడి భుజం మీదుగా వీధివైపు చూస్తున్నారు.

"అమ్మాయ్, కారేదీ? లారీమీద వెనక వస్తోందా?"

వెటకారం! అల్లుడికి కణతలు అదిరాయి. భార్య నోరు తెరిచేలోపల అట్టపెట్టె మూత పీకి విసిరేశాడు. "లారీ ఎందుకండీ? ఇదిగో కారు! దీనికేనా మీరు గోడ కట్టించింది?"

మామగారు ముందుకొచ్చి వంగి చూశారు. కళ్ళజోడు పైకెత్తి చూశారు. దించి చూశారు. "ఇదా?" అన్నారు. "ఇంతేనా?" అన్నారు. ఆపైన భుజాలు కదలడం మొదలైంది. నవ్వు! డెబ్భై ఏళ్ళ మనిషి గోడ పట్టుకుని, ఊపిరాడనంత నవ్వు నవ్వుతున్నారు.

"ఇంతేనా అంటారా!" అల్లుడి గొంతు వీధంతా మోగింది. "నా కళ్ళు పోయాయి, నా ఫ్రిజ్ పోయింది, నా పెళ్ళాం మాటలు మానేసింది, మీకు ఇంతేనా? తీసుకోండి! మీ కారు, మీ గోడ, మీరే ఉంచుకోండి!" అంటూ కారుని ఎత్తి గోడమీద ఠపీమని పెట్టాడు. పెట్టాడనడం మర్యాదకి, కొట్టాడన్నదే నిజం. రెజిన్ ఫట్‌మంది. ఎడమ లైటు పగిలి, ముందు భాగం లోపలికి నొక్కుకుపోయింది. ఒక చక్రం ఊడి అత్తగారి కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ పోయింది.

అల్లుడి కోపమంతా ఒక్కసారిగా దిగజారిపోయింది. తన చేతులతో తనే, మళ్ళీ అదే కారుని, మళ్ళీ అదే చోట. ఏడుపొచ్చినంత పనైంది. చేతులు ముందుకు చాచి, "తప్పైపోయింది మామగారూ. నేను... నేను బాగుచేస్తాను. సాయంత్రానికల్లా బాగుచేసి..."

"ముట్టుకోకు!"

మామగారు కూతురివైపు కాదు, సూటిగా అతనివైపే తిరిగి అరిచారు. "ఏవయ్యా, నీకసలు బుద్ధుందా? మళ్ళీ బాగుచేస్తానంటావే! అప్పుడూ ఇదే చేశావు!"

"అప్పుడు... అప్పుడేం చేశాను?"

"బాగుచేయించావు!"

అల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. మామగారికి ఇన్నేళ్ళ అడ్డుకట్ట తెగింది. "ఆ కారుతో నేను పడ్డ నరకం నీకేం తెలుసయ్యా? వెనక తలుపు పెద్దదని ఊళ్ళో ఎవడు ఇల్లు మారినా మంచాలు నా నెత్తిన. ఎవడు బీరువా కొన్నా నేనే మొయ్యాలి. చలికి కదలదు, వానకి ఆగదు. అమ్మేద్దామంటే ఈవిడ నాన్న ఇచ్చిందాయె, నోరెత్తడానికి లేదు. నువ్వు స్తంభానికి గుద్దావని ఫోనొచ్చిన రోజు నేనెంత హాయిగా నిద్రపోయానో తెలుసా? పీడ విరగడైంది, నా మీదికి మాట రాదనుకున్నాను. నువ్వేం చేశావు? కొత్త ఇంజనుతో సహా తెచ్చి గుమ్మంలో పెట్టి, 'ఇంకో పదేళ్ళు ఢోకా లేదు మామగారూ' అన్నావు! ఆ మాట అన్నవాడితో ఎవడు మాట్లాడతాడయ్యా? ఇంకో మూడేళ్ళు మోశాను! మళ్ళీ దాన్ని తుక్కులోంచి లేపుకొస్తున్నావని వింటే, గోడ కట్టించక హారతి పడతానా?"

"ఆ ముక్క ఒక్కసారి నాతో చెప్పొచ్చుగా!" అన్నాడు అల్లుడు.

"ఎలా చెప్తాను, ఈవిడ పక్కనుండగా?"

ఈవిడ ఇప్పుడు కూడా పక్కనే ఉందన్న సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. అత్తగారు వంగి చక్రం తీసుకుని కొంగుతో తుడిచింది. "మా నాన్న కారు మీకు పీడా?" అని మాత్రం అని, లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. "గడియ బిగుసుకుపోయినట్టుంది, విప్పనా నాన్నా?" అని బావమరిది స్క్రూడ్రైవరు తీశాడు.

మామగారికి అదేం పట్టలేదు. పగిలిన కారుని రెండు చేతుల్తో పసిపిల్లలా ఎత్తుకుని, వసారాలో కిటికీ గట్టుమీద, నలిగిన వైపు వీధిలోకి కనపడేలా నిలబెట్టారు. దారినపోయే వాళ్ళని ఆపి మరీ చూపించారు. "మా అల్లుడు చేశాడండీ. చూశారా, ముందు భాగం ఎంత సహజంగా నలిగిందో! ఏం పనితనం!" ఆ తరువాత అల్లుడి భుజంమీద చెయ్యి వేసి, ఆనందంగా, "రావయ్యా, నాలుగెత్తులు వేద్దాం," అన్నారు.

అల్లుడు ఆ చేతివైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఈ చెయ్యి భుజంమీద పడితే చాలనుకున్నాడు. రాత్రిళ్ళు తలుచుకుని తలుచుకుని తనని తాను తిట్టుకున్నాడు. తప్పు చేసినందుకు శిక్ష అనుకుని తల వంచుకుని మింగాడు. శిక్ష పడింది తప్పుకి కాదట, దిద్దుకున్నందుకట! కొరియరులో ఆఖరుదై వచ్చిన బాడీ, కోసేసిన ఫ్రిజ్, తడి సిమెంటు గోడ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. భుజంమీది చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి, స్కూటరు స్టార్టు చేసుకుని, భార్యని కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మామగారు పొద్దునోసారి, సాయంత్రమోసారి అల్లుడికి స్వయంగా ఫోను చేస్తున్నారు. అల్లుడే ఎత్తడం లేదు.